చెల్కల ట్రాక్టరుకు తాత
దేవరకొండ చెల్కలు దున్నే ట్రాక్టరుకు తాత ట్రాక్షన్ ఇంజన్. గుర్రాలు ఈడ్చుకెళ్లే ఆవిరి యంత్రానికి 1859లో ఇంగ్లండ్‌లో థామస్ అవెలింగ్ గొలుసు తగిలించి, తనంతట తానే నడిచేలా చేశాడు. ఈ సంచికలో దాని బ్యాటరీ నమూనా ఉంది.

పాత కార్ల సామాన్లలో దొరికే 12 వోల్టుల వైపర్ మోటారు దీనికి భేషైనది. వర్మ్ గేరు లోపలే ఉంటుంది కనుక నిమిషానికి 60 చుట్లకు అటూఇటూ, బలంగా తిరుగుతుంది. 20 సెంటీమీటర్ల వెనుక చక్రానికి నేరుగా కలిపితే నిమిషానికి దాదాపు 38 మీటర్లు సాగుతుంది. అసలు యంత్రానిదీ ఇలాంటి నింపాది నడకే. బ్యాటరీని బాయిలరు డొల్లలో ముందుకు తోస్తే వెనుక చక్రాలు పట్టు తప్పి జారతాయి, బరువు వెనుక ఇరుసు మీదే పడాలి. ఫ్లైవీలును చిన్న మోటారు, రబ్బరు బెల్టుతో విడిగా తిప్పాలి. అది తిరిగితేనే బండికి కళ. ఫ్యూజు బ్యాటరీకి ఆనుకునే ఉండాలి.