సీసా మీద నానో అని ఉంటే చాలదు, ఎట్ల చేసినారో చెప్పాలి

పోయిన వీడియో కింద ఎక్కువమంది అడిగింది ఒకటే. "అన్నా, వేపాకు నానో సిల్వర్ పైరుకు కొట్టొచ్చా, గొర్రెలకు తాపొచ్చా?" వీడియోలో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని ఇక్కడ రాస్తున్నా. నా మాట ముందే చెప్తా: తయారుచేసిన పద్ధతి చెప్పని సీసా కొనొద్దు. టీకాకు బదులు అసలే వద్దు.

వేపాకు కషాయంతో వెండి నానో కణాలు తయారవుతాయనేది నిజమే. పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీ వాళ్లు 2004లోనే చేసి చూపించారు. సిల్వర్ నైట్రేట్ నీళ్లలో కషాయం కలిపితే రంగు పసుపుకు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. వీడియోల్లో అందరూ చూపించేది ఈ రంగునే. రంగు తిరిగిందంటే వెండి కణాలు పుట్టాయని అర్థం, అంతే. వాటి సైజు ఎంత, ఎన్ని గడ్డకట్టుకున్నాయి అనేది మన కంటికి దొరకదు.

అసలు కథ అక్కడే ఉంది. వేడి పెంచితే పని తొందరగా అవుతుంది. పీహెచ్ పెరిగితే మామూలుగా చిన్న కణాలు వస్తాయి, పులుపు వైపు పోతే పెద్దవై గుంపుకడతాయి. కషాయం చిక్కదనం, వెలుతురు, ఆకు లేతదా ముదురుదా, అన్నీ లెక్కలోకి వస్తాయి. మన దగ్గర ఇంకో తంటా, బోరు నీళ్లు. ఉప్పదనం ఉన్న నీళ్లలో సిల్వర్ నైట్రేట్ పోస్తే పాలు విరిగినట్టు తెల్లగా అవుతుంది. అది సిల్వర్ క్లోరైడ్, మనం అనుకున్న నానో వెండి కాదు. అందుకే ఉగాదికి జూపాడు బంగ్లాలో చేసిందీ, కార్తీకంలో ఆళ్లగడ్డలో చేసిందీ పేరుకే ఒకటి, మందు వేరు.

సరిగ్గా చేస్తే ఫలితం ఉండదని నేను అనడం లేదు. తిరుపతి శాస్త్రవేత్తలు వేరుశనగ మీద నానో జింక్ ఆక్సైడ్ పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. కణం సగటు సైజు 25 నానోమీటర్లు అని రాశారు. విత్తనాలకు 1000 పీపీఎం దగ్గర మొలక బాగా వచ్చింది, 2000 దగ్గర అదే మందు ఎదుగుదలను అడ్డుకుంది. సైజు, మోతాదు రెండూ చెప్పారు కాబట్టే ఆ ఫలితానికి విలువ. మన సీసాల మీద ఈ రెండూ ఎందుకుండవు?

ఇంకో సంగతి. వెండి పని బ్యాక్టీరియాను చంపడం. మనం జీవామృతం పోసేది బ్యాక్టీరియాను పెంచడానికి. ఒకే మడిలో రెండూ పోస్తే ఏం సాధించినట్టు? ఆకు కలిపినంత మాత్రాన అది ప్రకృతి సేద్యం అయిపోదు.

ఇక గొర్రెలు. నీలి నాలుక రోగం వైరస్ ఉత్తరాది గొర్రెల్లో కూడా తిరుగుతున్నా, రోగం గట్టిగా కనపడేది మన ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడుల్లోనే. వానలు పడినాక కంటికి ఆనని చిన్న దోమల్లాంటి పురుగులు తడి పెంటలో, బురదలో పుట్టి దాన్ని మోస్తాయి. కేసీ కాలువ కింద తడికి, పెంటకు కొదవ లేదు కదా. మూతి వాచి, నోరు పుండ్లు పడి, కుంటుతున్న గొర్రెకు సీసా తాపితే ఏమొస్తుంది? గాజు పాత్రలో సూక్ష్మజీవి చచ్చిందంటే గొర్రె ఒంట్లో కూడా చస్తుందని కాదు. ఐదు రకాల వైరస్‌కు కలిపి చేసిన టీకా మన దేశంలోనే ఉంది, వానలకు ముందే వేయించాలి. కొత్త గడ్డి మేసినప్పుడు వచ్చే చిటుకు రోగానికీ అంతే, తొలకరికి ముందే టీకా. సాయంత్రం వేపాకు పొగ వేయండి, దొడ్డి ఆరబెట్టండి. ఇవి టీకాకు తోడు మాత్రమే.

బెంగళూరులోని నివేది సంస్థ ఏ జిల్లాలో ఏ రోగం రావచ్చో రెండు నెలల ముందే అంచనా ఇస్తుంది. అది మన కాపరుల ఫోన్లకు తెలుగులో రావాలని నా డిమాండ్. నానో సీసాల ప్రచారానికి పెట్టే ఖర్చులో పిసరంత చాలు దీనికి.

సీసా అమ్మేవాళ్లు వస్తే ఇవి అడగండి: కణం సైజు ఎంత, ఎవరు కొలిచారు? ఏ పీహెచ్‌లో, ఎంత వేడిలో చేశారు? ఎన్ని నెలలు గడ్డకట్టకుండా ఉంటుంది? ఏ జీవాల మీద, ఏ ఊర్లో పరీక్షించారు? వీటికి కాగితం మీద జవాబు ఇచ్చినోళ్లు ఉంటే కామెంట్లో పెట్టండి, నేనే పోయి వీడియో తీసుకొస్తా.