గిటార్‌లో పాడేది ఏది?

ఆత్మకూరు ప్రాంతం నుండి ఒక చిన్న సంఘపు యౌవనస్థులు అడిగిన ప్రశ్న ఇది. కూలి డబ్బులో కొంత కొంత దాచి గిటార్ కొనబోతున్నారు. అంగడిలో రెండు నచ్చాయట. ఒకటి ప్లైవుడ్‌ది, మైకు పెట్టెకు తగిలించే పికప్ ఉంది. రెండవది అసలు చెక్కది, పికప్ లేదు. ధర ఇంచుమించు ఒకటే. ఏది తీసుకోవాలి?

తమ్ముళ్ళారా, ఒట్టి తీగను మీటితే దోమ మోతంత కూడా రాదు. తీగ కదలిక బ్రిడ్జి ద్వారా పై పలకకు చేరి, ఆ పలక గాలిని కదిలిస్తేనే మనకు వినబడుతుంది. కనుక పలక తేలికగా ఉండాలి, గట్టిగానూ ఉండాలి. చలి దేశాలలో పెరిగే స్ప్రూస్ కర్ర ఇందుకే పేరుపొందింది. దానిని సుమారు 3 మిల్లీమీటర్ల మందానికి చెక్కుతారు.

వెనుక పలకకు మహాగనీ, రోజ్‌వుడ్ వాడతారు. రోజ్‌వుడ్ అంటే మన ఇరుగుడే. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లో బ్రెజిల్ కర్ర మాని మన దేశపు కర్రకు మళ్ళింది. అయితే వెనుక చెక్కను గూర్చి అంగడివారు చెప్పేదంతా నమ్మనక్కరలేదు. ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వారు వెనుక చెక్క మాత్రమే వేరుగా ఉన్న 6 గిటార్లు చేయించి, చెక్క కనబడకుండా 52 మంది వాద్యకారుల చేత వాయింపించారు. ఖరీదైన కర్రకూ చవక కర్రకూ వారు చెప్పుకోదగ్గ తేడా పట్టలేకపోయారు. 2018లో ఆ ఫలితం అచ్చయింది.

మన కొండల కర్ర పనికిరాదా అంటారేమో. ఉదయగిరివారు నర్ది, బిక్కి కర్రలతో చెంచాలు, గరిటెలు ఎంత నునుపుగా చెక్కుతారో మీకు తెలుసు. నోటికి తగిలే చెంచాకు కావలసిన గుణం వేరు, మోగే పలకకు కావలసిన గుణం వేరు. వెలిగొండల ఎర్రచందనం మాత్రం జపానుకు పోయి షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మెడ అయింది. అది బరువైన చేవ, మెడకే తగును.

ఇక పికప్. తీగలు ఆనే తెల్లని బద్ద క్రింద సన్నని పట్టీ ఉంటుంది. అది తీగల ఒత్తిడిని అక్కడికక్కడే విద్యుత్తుగా మారుస్తుంది. పలక కదిలించిన గాలితో దానికి పని తక్కువ. అందుచేత మైకు పెట్టెలో వినేటప్పుడు చెక్కల తేడా చాలామట్టుకు తగ్గిపోతుంది. హెలికాప్టర్లు చేసే చార్లెస్ కామన్ 1966లో గుండ్రని ఫైబర్‌గ్లాసు వీపుతో ఒవేషన్ గిటార్లు తెచ్చాడు. వేదికలపై అవి బాగానే చెల్లాయి.

మీ కూటాలు రేకుల క్రింద, మైకుతో జరుగుతాయి. ఒకే పలకగా తీసిన స్ప్రూస్‌కు గాలిలో 45 నుండి 55 శాతం తేమ హాయి. మన మే నెల ఎండకు అది పగలవచ్చు. ప్లైవుడ్ మోత కొంచెం మొద్దే, కాని తట్టుకుంటుంది. కాబట్టి మీకు పికప్ ఉన్నదే మేలని నా అభిప్రాయం. అయినా పికప్ తగిలించకుండా ఒకసారి వాయించి చూడండి. కరెంటు పోయిన రాత్రి కూడా పాడాలి గదా! అసలు చెక్క అని అంగడివారు అంటే, నడిమి రంధ్రపు అంచు చూడండి. పైనున్న చారలు అంచులోకి దిగితే ఒకే పలక. పొరలు కనబడితే ప్లైవుడ్.

వాయించడం అయ్యాక వైరు తీసివేయండి. గుచ్చి ఉంచితే లోపలి 9 వోల్టుల బ్యాటరీ ఊరికే అయిపోతుంది.