గ్రామఫోను ముల్లు

లోకములో పెద్ద వస్తువునకు గల మన్నన చిన్న వస్తువునకు లభింపదు. బండిని మెచ్చుకొనువారు పెక్కుమంది గలరు గాని, చక్రము ఊడిపోకుండ కాపాడు కడచీలను తలచువారు అరుదు. గ్రామఫోను విషయమును ఇట్టిదే. పూవువలె విరిసిన దాని బూరను, నున్నని దాని పెట్టెను చూచి అందరును ఆనందింతురు. కాని ఆ యంత్రమును పలికించునది ఒక చిన్న ముల్లు. అరిగిన ముల్లును మార్చక పాటలు వినుట పొదుపు కాదు. కాసు మిగిల్చి వరహా పోగొట్టుకొనుట యని నా అభిప్రాయము.

రికార్డుపై అంచునుండి నడిమివరకు చుట్లు చుట్టుకొనుచు పోవు సన్నని గాడి యొకటి యుండును. గాయకుని కంఠమందలి కంపములు ఆ గాడిలో మెలికలుగా నిలిచియుండును. రికార్డు తిరుగునపుడు ముల్లు ఆ మెలికల వెంట కదలును. ఆ కదలికయే మరల శబ్దమగును. 1887లో ఎమిల్ బెర్లినర్ గ్రామఫోనునకు పేటెంటు పొందిన నాటినుండి నేటివరకు ముల్లునకు గల ఈ పని మారలేదు.

పూర్వపు రికార్డులు నిమిషమునకు 78 చుట్లు తిరిగెడివి. వానిని లక్కలో రాతిపొడి కలిపి చేసెడివారు. ఆ పొడి ఉక్కుముల్లును ఒరసి, దాని మొనను గాడికి సరిపడునట్లు అరగదీసెడిది. అనగా ముల్లు అరుగుట లోపము కాదు, అది కావలెనని చేసిన యేర్పాటే. అందువలననే ఉక్కుముల్లును రికార్డు ఒక ప్రక్కకు మాత్రమే వాడి పారవేయవలెనని నియమము. ముళ్లను చిన్న రేకుడబ్బాలలో వందలుగా అమ్మెడివారు. అరిగిన ముల్లు ఉలివంటిది. దానినే మరల వాడినచో అది గాడిలోని మెలికలను గీకివేయును. నల్లని రికార్డుపై బూడిదరంగు చారలు కనబడుట ఆ గాయమునకు గుర్తు.

1948లో లాంగ్ ప్లే రికార్డులు వెలువడినవి. ఇవి వినైలు అను పదార్థముతో చేసినవి. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. వీని గాడి మిక్కిలి సన్నము. పాత రికార్డునకు తగిన ముల్లుమొన వ్యాసార్థము అంగుళములో సుమారు వేయింట మూడు వంతులుండగా, వీనికి తగినది వేయింట ఒక వంతు మాత్రమే. సన్నని ముల్లు పాత రికార్డుపై పెట్టినచో గాడి అడుగున పడి గరగరలాడును. ఉక్కుముల్లు వినైలుపై ఒక్కమారు నడిచినను ఆ పాట చెడును. కొత్త రికార్డులకు వజ్రపు మొనగల ముళ్లు వాడుదురు. అవి వందల గంటలు పనిచేయును. అయినను వజ్రమును అరుగునని మరువరాదు.

“యంత్రము పలుకుచునే యున్నది గదా, ముల్లు మార్చనేల?” అని కొందరందురు. “ముల్లు దొరకదు” అని మరికొందరు యంత్రమును అటక యెక్కింతురు. ఈ రెండును సరికావు. ఉక్కుముళ్లు నేటికిని తయారగుచున్నవి. పాత డబ్బా దొరికినచో, వాడినవి అందులో కలిసియుండవచ్చును గనుక ఒక్కొక్క మొనను భూతద్దముతో చూచి తీసికొనవలెను. విద్యుత్తుతో నడచు యంత్రమునకు ముల్లు కావలసినపుడు చాలమంది యంత్రము పేరు చెప్పి వెదకి విసుగుచెందుదురు. చెప్పవలసినది యంత్రము పేరు కాదు; చేతికొనకు బిగించిన కార్ట్రిడ్జి పేరును, దానిపై నుండు సంఖ్యయును. జపానులో కుట్టుసూదులు చేయుటతో 1873లో ఆరంభమైన జీకో అను సంస్థ, నేడు పలు కంపెనీల కార్ట్రిడ్జిలకు సరిపడు ముళ్లను చేయుచున్నది. వెదకు తీరు తెలిసినవానికి ముల్లు దొరకును.

“పాటలన్నియు ఫోనులోనే వినవచ్చును, ఇంత శ్రమ యేల?” అను ప్రశ్న గలదు. ఫోనులోనికి ఎక్కని పాటలు ఎన్నో యున్నవి. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీవారు గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసిరి. తరువాతి కాలమున మన నాటకరంగమందలి కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు మొదలగువారి గానమును రికార్డులకెక్కినది. అట్టి పాత రికార్డులు ఎవరి యింటి పెట్టెలో నున్నవో చెప్పలేము. వానిని ఫోనులోనికి ఎక్కింపవలెనన్నను, ముందుగా ఒక్కమారైనను వానిపై ముల్లు నడువవలెను గదా! ఆ ముల్లు అరిగినదైనచో, కాపాడబోయిన చేతులే పాటను చెరిపివేసినట్లగును. ముల్లు పోయినచో మరియొక ముల్లు తెచ్చుకొనవచ్చును. గాడి చెడినచో ఆ కంఠమును మరల తేలేము.

కావున యంత్రములు చేయువారు వానిని అమ్మి ఊరకుండక, వాని ముళ్లు చిరకాలము దొరకునట్లు చూడవలెను. అది వారి ధర్మము. విద్యార్థులారా! మీ యింట తాతలనాటి రికార్డు లున్నచో, వేడుకకై వానిని తిప్పుటకు ముందు అవి యే తరగతివో తెలిసికొనుడు. ముల్లును భూతద్దముతో పరీక్షింపుడు. తగిన ముల్లు దొరకువరకు రికార్డును ఒరలో నిలువుగా నుంచుడు. పాట వినుటకు తొందరపడకుండుటయు ఆ గాయకునికి మనము చూపు గౌరవమే.