రుజువు చేసుకోవలసింది తల్లి కాదు

"నా కడుపులో బిడ్డ వుండేది నన్ను సూస్తే తెలీదా అక్కా? దానికీ ఆయప్ప ఫోనే చెప్పల్లా?"

2025 చివర్లో అనంతపురం జిల్లాలోని ఒక అంగన్‌వాడీ కేంద్రం గుమ్మంలో నిలబడి ఒక గర్భిణి నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆమెకప్పుడు ఏడో నెల. తొలి చూలు. అందరు ఆడపిల్లల్లాగే పురుడికి పుట్టింటికి వచ్చింది. మెట్టినిల్లు వేరే మండలం. పెళ్లయ్యాక మొగుడూ పెళ్లాలిద్దరూ బెంగుళూరుకి బిల్డింగు పనికి పోయారు. పేరు మాత్రం అత్తగారి వూరి అంగన్‌వాడీలో నమోదై వుంది. పేరున్న వూళ్లో ఆమె లేదు. ఆమె వున్న వూళ్లో పేరు లేదు.

"ఆడ తీసేస్తే గానీ ఈడ ఎక్కదక్కా" అంది కార్యకర్త. ఆడ తీయించడానికి పది రోజులు పట్టింది. తర్వాత ఆధార్‌తో సరిచూడాలన్నారు. దానికి కావలసిన ఓటీపీ, ఆధార్‌కి ముడిపెట్టిన ఫోనుకే వెళుతుంది. ఆ ఫోను భర్త దగ్గర, బెంగుళూరులో వుంది. పనివేళల్లో అతను ఫోను ఎత్తడు. సాయంత్రం చూసుకునేసరికి ఓటీపీ గడువు తీరిపోతుంది, ఇక్కడ కేంద్రానికి తాళం పడుతుంది. ఒక ఆదివారం అతను ఇంట్లో వున్నప్పుడు ఆ గండం గట్టెక్కింది. అప్పుడు ముఖం ఫొటో వంతు వచ్చింది. ఆధార్ కార్డు మీద వున్నది పన్నెండేళ్ల బడిపిల్ల ముఖం. కేంద్రం ముందు నిలబడింది కాళ్లకు నీరు పట్టిన నిండు చూలాలు. ఫోను ఈ ఇద్దరూ ఒకరే అని ఒప్పుకోలేదు.

ఆమెతో కలిసి మూడుసార్లు కేంద్రానికి, రెండుసార్లు ఆఫీసుకి తిరిగాను. చివరికి బియ్యం, పప్పు, నూనె, గుడ్లు, పాలు చేతికి వచ్చేనాటికి 52 రోజులు గడిచాయి. తొమ్మిదో నెల నడుస్తోంది. పుట్టిన బిడ్డ బరువు 2.3 కిలోలు. 2.5 కిలోల కన్నా తక్కువుంటే తక్కువ బరువు కిందే లెక్క. ఆ 200 గ్రాములూ ఆమెకు అందని గుడ్లలో వున్నాయని నేను రుజువు చెయ్యలేను. కాని ఈ మొత్తం వ్యవహారంలో రుజువులు చూపించమని ఆమెను తప్ప ఇంకెవరినీ ఎవరూ అడగలేదు. నా కోపం అక్కడే వుంది.

మనం "పోషకాహారానికి దరఖాస్తు" అనే మాట ఎంత అలవాటుగా వాడుతున్నాం! దరఖాస్తు అంటే ఇమ్మని వేడుకోవడం. ఇవ్వడమూ మానడమూ అవతలివాడి చేతిలో వుంటుంది. చట్టం ఆ మాట అనలేదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి గర్భిణికీ, ప్రసవమైన ఆరు నెలల వరకూ ప్రతి బాలింతకూ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలి. రోజుకు 600 కిలో కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు అని 2013లో కొలత కూడా చట్టంలోనే రాశారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల హక్కు అయిదో సెక్షన్‌లో వుంది. ఇవ్వవలసిన ఆహారం ఇవ్వకపోతే ఆహార భద్రతా భత్యం చెల్లించాలని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. మన వూళ్లలో ఎంతమంది తల్లులకు ఈ ఎనిమిదో సెక్షన్ సంగతి తెలుసు? ఓటీపీ గురించి అందరికీ తెలుసు!

ఈ హక్కు ఎవరి దయవల్లా రాలేదు. గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే రాజస్థాన్ కరువు పల్లెల్లో జనం ఆకలితో అలమటించారు. 2001లో పి.యు.సి.ఎల్. సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసులోనే 2006 డిసెంబర్ 13న వచ్చిన ఉత్తర్వులో ఒక గొప్ప మాట వుంది. ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది వుండి, అంగన్‌వాడీ లేని పల్లె గానీ మురికివాడ గానీ అడిగితే, అడిగిన మూడు నెలల్లో కేంద్రం తెరవాలి. అంటే జనం అడగాలి, ప్రభుత్వం కదలాలి. ఇవాళ ప్రభుత్వం అడుగుతోంది, నిండు చూలాలు కదులుతోంది. ఇరవై ఏళ్లలో కథ ఇలా అడ్డం తిరిగింది.

నగదు సాయం కథ కూడా వేరు కాదు. ఆ చట్టమే ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం ఇవ్వాలంది. ప్రభుత్వోద్యోగులకూ, వేరే చట్టం కింద ఇలాంటి సాయం పొందేవారికీ మాత్రమే మినహాయింపు. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన దాన్ని మొదటి కాన్పుకే కుదించి, 5,000 చేసింది. ఆ తర్వాత చేసిన మార్పుల్లో రెండో కాన్పుకీ 6,000 ఇస్తామన్నారు, ఆడపిల్ల పుడితేనే! ఆడపిల్లను ఆదరించడానికే అంటారు. మరి రెండోసారి మగపిల్లవాణ్ణి కన్న కూలి తల్లికి ఒంట్లో రక్తం తక్కువ పోతుందా? మూడో కాన్పు తల్లికి ఆకలి వెయ్యదా? కాన్పులు ఎన్ని వుండాలో తేల్చుకునే అధికారం ఇంట్లో ఆమెకు లేదు. ఆ నిర్ణయానికి శిక్ష మాత్రం ఆమె కంచానికే పడుతోంది. చట్టం "ప్రతి గర్భిణి" అంది. ఆ "ప్రతి" అన్న మాటను పథకం మింగేసింది.

మొదట్లో ఆ పథకానికి భర్త ఆధార్ కూడా కావాలన్నారు. ఒంటరి తల్లుల మాటేమిటన్న విమర్శలు వచ్చాక ఆ షరతు ఎత్తేశారు. కాగితం మీద నుంచి భర్త పోయాడు. ఫోనులో తిరిగి వచ్చాడు. ఇంట్లో ఒకే ఫోను వుంటే అది మగవాడి జేబులోనే వుంటుందని తెలియనివాళ్లా ఈ ఏర్పాట్లు చేసింది? తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లడం నిన్నమొన్న పుట్టిన ఆచారమా? మన ఇళ్లలో ఆడమనిషికి రెండు వూళ్లుంటాయి. వలస పోతే మూడు. పోషణ్ ట్రాకర్‌లో పేరు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చుకునే వీలు వుందని అధికారులు చెబుతారు. వుంటే వుండనీ. వూళ్లు మారుతున్నది కడుపుతో వున్న మనిషి. ఆమె వెనకే ఆమె వాటా రావాలి గాని, వాటా కోసం ఆమె పరుగెత్తడం ఏమిటి?

"దొంగ పేర్లు అరికట్టడానికి" అనేది వాళ్ల జవాబు. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే సరుకులకు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. దొంగ పేర్లు లేవని నేను అనను. కాని ఒక్క మాట అడుగుతాను. అంగన్‌వాడీల ఆహార సరఫరాలో కాంట్రాక్టర్లు వుండకూడదని సుప్రీంకోర్టు 2004 అక్టోబర్‌లోనే ఎందుకు చెప్పాల్సి వచ్చింది? లీకు ఎక్కడ వుందో కోర్టుకు తెలుసు, ప్రభుత్వాలకు తెలుసు. గుడ్ల లారీ ముఖం ఎవరూ ఫొటో తియ్యరు. సరుకు ఎన్నాళ్లు ఆలస్యమైందో చెప్పడానికి ఏ అధికారి ఫోనుకీ ఓటీపీ రాదు. ఒక తల్లి రెండుచోట్ల పేరు రాయించుకుందనే అనుకుందాం. రెండుచోట్ల తిన్నా కడుపు ఒకటే కదా! దేశానికి ఆమెవల్ల వచ్చే నష్టం నాలుగు గుడ్లు. ఒక్క తల్లిని గుమ్మంలోంచి తిప్పి పంపితే జరిగే నష్టానికి లెక్క ఎవరు కడతారు?

లెక్క లేకపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. అయిదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఇంతకంటే పెద్ద రుజువు ప్రభుత్వానికి ఇంకేం కావాలి?

ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ పథకం నిరాకరించరాదని 2018 సెప్టెంబర్ 26 తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కడుపులో వున్న బిడ్డకు అన్నం వెళ్లే దారి తల్లి ఒక్కతే. ఆమెను ఆపితే బిడ్డను ఆపినట్టు కాదా?

ఇక్కడ ఒక జాగ్రత్త. మన కోపం అంగన్‌వాడీ కార్యకర్త మీదకు పోకూడదు. ఆమె జీతగత్తె కూడా కాదట, "గౌరవ వేతనం" తీసుకునే సేవకురాలట. 2018లో కేంద్రం నిర్ణయించింది నెలకు 4,500 రూపాయలు. ఆమెకు గ్రాట్యుటీ హక్కు వుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 డిసెంబర్ 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆ అక్కచెల్లెళ్లు 42 రోజులు సమ్మె చేస్తే వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. నేను చెప్పిన కేంద్రంలోని కార్యకర్త ఆ గర్భిణి ఇంటికి పొద్దుగూకాక వెళ్లి, దీపం వెలుగులో నాలుగుసార్లు ఫొటోకు ప్రయత్నించింది. ఒక పేదరాలిని ఇంకో పేదరాలి ముందు కాపలా నిలబెట్టి, పై వాళ్లు తప్పుకున్నారు.

చివరిగా మన గురించి. మనం కూడా మారిపోయాం. అవగాహన సదస్సులు పెట్టి ఏ కాగితం ఎక్కడ జతచెయ్యాలో నేర్పుతున్నాం. ఎంతమందిని నమోదు చేయించామో నివేదికల్లో రాసుకుంటున్నాం. ఆ 52 రోజులు నేనూ అదే పని చేశాను. సరుకు అందినరోజు గెలిచామనుకున్నాను. అది గెలుపు కాదు. తిరిగినన్నాళ్లలో ఒక్కరోజు కూడా నేను ఫిర్యాదు రాయలేదు, ఎనిమిదో సెక్షన్ భత్యం అడగలేదు, నిరాకరణను కాగితం మీద రాసివ్వమనలేదు. దరఖాస్తు నింపడంలో సాయపడి, దరఖాస్తునే ప్రశ్నించడం మరిచాను.

ఇకనుంచి అలా వద్దు. గర్భిణి ఏ కేంద్రం గుమ్మం తొక్కితే ఆ కేంద్రంలో ఆ రోజే ఆహారం ఇవ్వాలి, పేరు సంగతి తర్వాత చూసుకోవాలి. ఫోను, ముఖం, ఆధార్ ఏది కుదరకపోయినా చేతి సంతకం మీద సరుకు ఇవ్వాలి. లేదంటే ఎందుకు లేదో, ఎవరు కాదన్నారో, తేదీతో రాసివ్వాలి. ఆ కాగితం పట్టుకుని మనం జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి దగ్గరికి, అక్కడా కాకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కి పోవాలి. ఈ రెండింటినీ కూడా ఆ చట్టమే పెట్టింది. ప్రసూతి సాయం కాన్పుల లెక్క లేకుండా, పిల్లా పిల్లవాడా అన్న తేడా లేకుండా ప్రతి తల్లికీ ఇవ్వాలి.

కడుపుతో వున్నానని తల్లి రుజువు చేసుకోనవసరం లేదు. అన్నం పెట్టానని ప్రభుత్వం రుజువు చేసుకోవాలి.