నిరసనసభయు విహారయాత్రయు

మా పాఠశాలలో గణితము చెప్పు మిత్రుఁడొకఁడు వేసవి సెలవులలో సకుటుంబముగా ఢిల్లీ చూడఁబోవుచున్నాఁడు. మొన్న విరామసమయమున నాకొక కాగితము చూపినాఁడు. మొదటి దినము ఎఱ్ఱకోట, జామా మసీదు, రెండవ దినము కుతుబ్ మీనారు, మూఁడవ దినము ఇండియా గేటు, జంతర్ మంతరు, పిమ్మట ఆగ్రా. జంతర్ మంతరు ప్రక్కను చిన్న యక్షరములతో “పెద్ద ధర్నా యున్న దినము చూచుకొని పోవలెను” అని వ్రాసియున్నది. “మాస్టారూ, పత్రికలలో చూచుటయే కాని యెన్నఁడును కన్నులార చూడలేదు. పిల్లలకు వినోదముగా నుండును, నాలుగు ఫొటోలు తీసికొనవచ్చును” అన్నాఁడు. ప్రక్కనే కూర్చున్న, పదవీవిరమణకు సమీపించిన మఱియొక యుపాధ్యాయుఁడు తల యడ్డముగా నూపి, “అట్టిది యున్నచో ఆ వారము మానుకొని వేఱొక వారము పొండు. దారులు మూసివేయుదురు, బండ్లు దొరకవు, డబ్బు దండుగ” అని హితము చెప్పెను.

ఇద్దఱును సజ్జనులే. కాని యిద్దఱి మాటలును ఒక్క విత్తునుండియే మొలచినవని నా వాదము. ఒకరికి ప్రజల నిరసన తమాషా, ఒకరికి ఆటంకము. అచ్చట కూర్చుండఁబోవువా రెవరు, ఏమి యడుగుచున్నారు అను ప్రశ్న ఆ యరగంటలో ఏ నోటను రాలేదు.

ఈ మాట అనుటకు నాకుఁగల యధికార మేమియని యడుగవచ్చును. తప్పు చేసినవాని యధికారమే నాది. 2018 మార్చిలో మా చెల్లెలికి శస్త్రచికిత్స జరుగఁగా, భార్యను, పండ్రెండేండ్ల కూఁతును వెంటఁబెట్టుకొని ముంబయి పోయితిని. చెల్లెలు కుదుటఁబడినది. 12 వ తేదీ సోమవారము ఊరు చూడవలెనని తలఁచితిమి. సోమవారము ఎలిఫంటా గుహలు మూయుదురు గనుక గేట్ వే, మ్యూజియము, బోరీబందరు స్టేషను చాలుననుకొంటిమి. ఆదివారము రాత్రి టెలివిజనులో వార్త వచ్చినది. 6 వ తేదీన నాసిక్ నుండి బయలుదేరిన రైతులు, వారిలో అధికభాగము ఆదివాసులు, 180 కిలోమీటర్లు కాలినడకను వచ్చి నగరములోని సోమయ్య మైదానమున దిగినారు. తెల్లవాఱి బోరీబందరు దాపుననున్న ఆజాద్ మైదానమునకు పోయెదరు. నేను క్షణమైన నాలోచింపక “రేపు ఆ వైపు పోవలదు, గొడవగా నుండును” అని తీర్పు చెప్పితిని.

ఉదయమునకు సంగతి వేఱు విధముగా నున్నది. ఆ దినము అచ్చట పదవతరగతి పరీక్షలు. పగటివేళ నడచినచో దారులు నిలిచిపోయి పిల్లలు పరీక్షకు అందుకొనలేరేమో యని, ఆఱు దినములు నడచిన ఆ 30 వేలకు పైఁబడిన జనము అర్ధరాత్రి దాఁటిన పిమ్మట లేచి, చీఁకటిలో నడచి, నగరము మేలుకొనకమునుపే మైదానము చేరెను. దారి పొడవునను ముంబయివారు నీళ్లును, తినుబండారములును, చెప్పులును తెచ్చియిచ్చిరి. చెప్పు లెందులకన్న ప్రశ్నకు టెలివిజనులో కనఁబడిన ముసలమ్మల అరికాళ్లే జవాబు. తోలు లేచి నెత్తురు చిమ్ముచుండెను. మాకు కాఫీ వచ్చినది. త్రాగుచు చూచితిమి.

మా యమ్మాయి అడిగినది: “నాన్నగారూ, పరీక్ష వ్రాయు పిల్లలకోసము వారు నిద్ర మానుకొని నడచిరి గదా, మన మెందుకు పోలేదు?” ప్రతి సంవత్సరము మార్చిలో పదవతరగతి పరీక్షలకు కాపలా కాయుట నా వృత్తి. రైతు దేశమునకు వెన్నెముక యని నల్లబల్లపై వ్రాసి బాలురచే వ్రాయించుట నా వృత్తి. వారు నా శిష్యులవంటి బిడ్డలకొఱకు తమ నడకనే మార్చుకొనిరి. నేను వారికొఱకు నా విహారమునైన మార్చుకొనలేదు సరిగదా, వారివలన నా విహారము చెడినదని విసుగుకొంటిని. చెడినదియు అబద్ధమే. ఆ సోమవారము దారులు సాఫీగానే నడచినవి.

వారి కోరిక లేమో నేను తెలిసికొన్నది ఊరు చేరిన పిమ్మటనే. 2006 నాఁటి అటవీహక్కుల చట్టము ప్రకారము తరతరములుగా తాము దున్నుచున్న భూమికి పట్టా కావలెనని ముఖ్యమైన కోరిక. అప్పుల మాఫీ, పంటకు తగిన ధర తరువాతివి. చట్టము పుట్టి అప్పటికి పండ్రెండేండ్లు కావచ్చినది. ప్రభుత్వము వ్రాఁతమూలకముగ మాట యిచ్చినది. ఆ మాట నిలువలేదని 2019 లోను, 2023 లోను వారు మరల నాసిక్ దారిని నడచిరి. గేట్ వే రాళ్ల వయస్సు నాకు ముందే తెలియును, ఇవి తెలియవు.

ఇఁక జంతర్ మంతరు. అది మన ‘యంత్రము’ అను మాటకు ప్రాకృతరూపము. సవాయి జయసింహుఁడు 18 వ శతాబ్దిలో గ్రహగతులు కొలుచుటకు కట్టించినది. మన మిత్రుఁడు గణితజ్ఞుఁడు. అచ్చటి సామ్రాట్ యంత్రపు నీడను పిల్లలకు గంటసేపు చూపిన నేను సంతసింతును. దాని ప్రక్కవీథి 1993 మొదలుగా ప్రజలు మొఱపెట్టుకొను చోటైనది. అంతకు పూర్వము బోట్ క్లబ్బు మైదాన ముండెను. 1988 అక్టోబరులో మహేంద్రసింగ్ టికాయత్ వెంట లక్షలకొలఁది రైతులు వచ్చి అచ్చట కూర్చుండిరి. తరువాతి కాలమున ఆ చోటు మూఁతపడినది. 2017 లో జాతీయ హరితన్యాయస్థానము జంతర్ మంతరు వీథిని గూడ మూసివేయఁగా 2018 జులైలో సుప్రీంకోర్టు తెఱపించినది. ఏడ్చుటకు జానెడు నేలకై యిన్ని వ్యాజ్యెములు! 2017 లోనే తమిళనాటి రైతులు, అప్పులకు తాళలేక ప్రాణములు తీసికొన్నవారివని పుఱ్ఱెలను ముందుంచుకొని అచ్చట కూర్చుండిరి. మిత్రమా, ఆ పుఱ్ఱెల ప్రక్కను ఫొటోకు నిలువవలసినపుడు పిల్లలను నవ్వుమందురా, వలదందురా?

పరప్రాంతపు గొడవ మనకేల యని పెద్దాయన వాదము. 2021 జనవరి 13 న మన వీథులలో భోగిమంటలు వేసికొన్నాము. అదే దినము ఢిల్లీ సరిహద్దులలో పంజాబు రైతులు లోహ్రీ మంటలలో వ్యవసాయచట్టముల ప్రతులు తగులఁబెట్టిరి. పండుగ ఒకటి, కాలము ఒకటి, పండించు ధాన్యము మాత్రమే వేఱు.

అపాయము మాట కొట్టివేయఁదగినది కాదు. ఆ నెలలోనే 26 వ తేదీ ట్రాక్టరుల ఊరేగింపు ఎఱ్ఱకోటయొద్ద అదుపు తప్పినది. 2011 మార్చి 10 న హైదరాబాదు ట్యాంకుబండుపై తెలుఁగు కవుల, పండితుల విగ్రహములు కూల్చినపుడు, వారి మాటలు చెప్పి బ్రదుకు నావంటివాఁ డెంత దుఃఖించెనో వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్టి సూచన లున్న దినమున పిల్లలను దూరముగ నుంచుట వివేకము. కాని సరిహద్దులలో ఆ రైతులు 2020 నవంబరు మొదలు 2021 డిసెంబరు వఱకు ఎండ, వాన, చలి సహించి కూర్చుండిరి. చట్టములు రద్దయిన పిమ్మటనే లేచిరి. ఒక్క దినమును చూపి యేఁడాదిని కొట్టివేయుట గణితము కాదు.

ఆ కాగితములో నన్ను అన్నిటికన్న బాధించిన పంక్తి వేఱొకటి యున్నది. మూఁడవ దినమునకెదురుగ “ఆఁడువాండ్రు లాడ్జిలో” అని యున్నది. కొడుకులు తండ్రివెంట ధర్నాకు, కూఁతురు తల్లివెంట గదికి! నాసిక్ నుండి నడచిన అరికాళ్లు ఎవరివి? షాహీన్ బాగులో నూఱుదినములు రాత్రింబవళ్లు ముందువరుసను కూర్చున్నవా రెవరు? అంత దూరమేల? నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకొట్టు మూయించి, ఆ నిప్పు జిల్లాలు దాఁటించి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటను సారా నిషేధింపఁజేసినవారు లాడ్జిలో కూర్చున్న స్త్రీలా? కూలిపని మాని వచ్చిన స్త్రీలు చేయఁగలిగిన పనిని, పట్టభద్రురాలైన యుపాధ్యాయుని భార్య కన్నులతో చూచుటకైన తగదఁట!

పోవలదని నేననను. పోవలసినదే. పోవుటకు ముందు ఆ వారమున ఎవరు వచ్చుచున్నారో, ఏమి కోరుచున్నారో పత్రికలు చదివి పిల్లలకు చెప్పుఁడు. కోరిక అన్యాయమని తోఁచినచో అదియు చెప్పుఁడు, వాదింపనిండు. అచ్చట ఒక గంట నేలపై కూర్చుండి వినుఁడు. ముఖములు ఫొటో తీయఁదలఁచినచో అడిగి తీయుఁడు. వారి వంటశాలలో భోజనము పెట్టినచో తినుఁడు, కాని రిక్తహస్తములతో పోకుఁడు. దారి మూసినచో కుతుబ్ మీనారు మఱునాఁటికి వాయిదా వేయుఁడు. ఎనిమిదివందల యేండ్లు నిలిచినది, ఒకనాఁడు నిలువలేదా?

ఇంతయు మిత్రునితో చెప్పితిని. పెద్దాయన లేచి తరగతికి పోయెను. గణితమువారు కాగితము తీసికొని ‘వినోదము’ అను మాట ఇఁక అననన్నారు. లాడ్జి పంక్తి మాత్రము కొట్టివేయలేదు. ఆమెయే రానన్నదని చెప్పుచున్నారు. నిజమేమో ఆమెనే యడిగి రమ్మని ఈ సాయంకాలము మా యింటిదానిని, అమ్మాయిని వారింటికి పంపితిని.