మూగవోయిన ప్రింటరు

2016 ఫిబ్రవరి 5, శుక్రవారం. ఢాకాలోని బంగ్లాదేశ్ బ్యాంకు ప్రధాన కార్యాలయానికి అది వారాంతపు సెలవు దినం. విధినిర్వహణకై వచ్చిన ఉద్యోగులు పదవ అంతస్తులోని ఒక ప్రింటరు పనిచేయకపోవడం గమనించారు. విదేశీ బ్యాంకులతో జరిగే లావాదేవీల వివరాలను రాత్రింబవళ్లు తనంతట తానే అచ్చువేయవలసిన యంత్రమది. యంత్రమన్నాక మొరాయించడం సహజమేనని వారు దానిని మరునాటికి వదలివేశారు. సంస్థలు కోట్లు పోసి కంప్యూటర్లు కొంటాయి. అవి మూగవోయినప్పుడు అనుమానించవలసిన బాధ్యత ఎవరిదో మాత్రం నిర్ణయించవు.

శనివారంనాడు ఎలాగో కాగితాలు బయటికి రప్పించి చూసేసరికి అందరి గుండెలు జారిపోయాయి. న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకులో దాచుకొన్న నిధినుండి సుమారు 95 కోట్ల డాలర్లు ఇతర ఖాతాలకు మళ్లించవలసినదిగా, బంగ్లాదేశ్ బ్యాంకు పేరిట 35 ఆదేశాలు గురువారం రాత్రే వెళ్లిపోయాయి. ఢాకాలో వాటిని పంపినవారెవరూ లేరు.

దొంగలు గోడకు కన్నం వేయలేదు. 2015 జనవరిలో, ఉద్యోగం కోరుతున్న యువకుని వినయపూర్వకమైన లేఖ ఒకటి బ్యాంకు సిబ్బందికి ఈ-మెయిలులో అందింది. దానితోపాటు వచ్చినదానిని తెరవడమే తలుపు తీయడమయింది. అటుపిమ్మట ఏడాదిపాటు వారు చడీచప్పుడు లేకుండా లోపలి వ్యవస్థను పరిశీలించారు. తమ జాడను తుడిచివేసి ప్రింటరు నోరు నొక్కే ప్రోగ్రామును అమర్చారు. ఇక ముహూర్తం! శుక్ర, శనివారాలు ఢాకాకు సెలవు. శని, ఆదివారాలు న్యూయార్కుకు సెలవు. సోమవారం చాంద్రమాన సంవత్సరాది కావడంతో మనీలాకు సెలవు. పంచాంగం చూచినవాడు గట్టివాడే.

అయినా అక్షరదోషం అతనిని పట్టి ఇచ్చింది. శ్రీలంకకు పంపిన 2 కోట్ల డాలర్ల ఆదేశంలో 'ఫౌండేషన్' అనే మాట తప్పుగా ఉండడంతో మధ్యవర్తియైన జర్మన్ బ్యాంకు సందేహించి ఆపించింది. మనీలాలోని బ్యాంకు శాఖ ఉన్న వీధి పేరు జూపిటర్. ఇరాన్‌పై అమెరికా విధించిన ఆంక్షల జాబితాలో కూడా ఆ పేరు ఉండడం వల్ల మిగిలిన 30 ఆదేశాలూ తనిఖీలో నిలిచిపోయాయి. అప్పటికే 8.1 కోట్ల డాలర్లు మనీలా చేరాయి. 2015 మే నెలలో తలా 500 డాలర్లతో తెరచి, అంతవరకు ముట్టని నాలుగు ఖాతాలలో పడి, అక్కడినుండి జూదశాలలకు తరలాయి. ఆనాటి ఫిలిప్పీన్సు చట్టం జూదశాలల లెక్కలను అడిగేది కాదు. 2017లో గాని ఆ లోపాన్ని సవరించలేదు. తిరిగి దక్కింది తొలుత సుమారు కోటిన్నర డాలర్లు మాత్రమే.

చోరీ సంగతి ప్రభుత్వానికి సకాలంలో తెలుపలేదన్న విమర్శల నడుమ గవర్నరు అతియుర్ రహమాన్ మార్చి 15న రాజీనామా చేశారు. ఇది ఉత్తర కొరియా ప్రభుత్వం తరఫున జరిగిన పని అని 2018 సెప్టెంబరులో అమెరికా న్యాయశాఖ అభియోగం మోపింది. అంతకు నెలముందే పుణె కాస్మాస్ సహకార బ్యాంకు సుమారు 94 కోట్ల రూపాయలు పోగొట్టుకొన్నది. అందులో అధికభాగాన్ని నకిలీ కార్డులతో 28 దేశాలలోని ఏ.టి.ఎం.లనుండి కొద్ది గంటలలో తోడివేశారు. ఆనాడు కూడా శనివారమే.