వ్యానెక్కి పోయే సంత

చర్ల, దుమ్ముగూడెం వైపు వారపు సంతకెళ్తే కాస్త గమనించండి. గోనెపట్టా పరుచుకుని చింతపండు, ఇప్పపువ్వు, అడ్డాకులు అమ్మేది ఎక్కువగా కోయ ఆడవాళ్లు. టార్పాలిన్ కింద బకెట్లు, చైనా టార్చిలైట్లు, ఫోన్ కవర్లు అమ్మేది మైదానం నుంచి వ్యాన్లలో వచ్చినవాళ్లు. పొద్దున ఆమె చేతికొచ్చిన డబ్బు సాయంత్రానికి ఆ వ్యానెక్కేస్తుంది.

ఆఫ్రికా మార్కెట్లలో చైనా వ్యాపారుల మీద గొడవ కూడా ఇలాంటిదే. ఘనా అయితే 2013 చట్టంలో మార్కెట్ చిల్లర వ్యాపారాన్ని తన పౌరులకే ఉంచేసుకుంది. మరి మనకు? భూమికి 1/70 ఉంది. అటవీ సరుకు కొనడానికి 1956లో పుట్టిన జీసీసీ ఉంది. ఊరి సంతల అజమాయిషీ గ్రామసభకో, పంచాయతీకో ఇవ్వాలని 1996 పెసా చట్టం చెప్పింది. ఆ ముక్క ఎంతమందికి తెలుసు?

బకెట్ చౌకే, కాదనను. కుండ మోసిన నడుముకే తెలుసు ఆ సుఖం. కానీ ప్లాస్టిక్ ప్లేటు అడ్డాకు విస్తరిని పెళ్లి పందిట్లోంచి గెంటేసింది. 2022 జులైలో ఆ ప్లేట్లను నిషేధించారు సరే, విస్తరి కుట్టే ఆమెకి సంతలో నీడపట్టు జాగా అయినా దొరికిందా?

ఈసారి గ్రామసభ పెడితే తైబజారు లెక్క అడగండి. ఆమె బుట్టకెంత, ఆ వ్యానుకెంత అని.